కంపెనీ సరుకు కాజేశారని కేసు పెడితే: ఉద్యోగులకు ముందస్తు బెయిల్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

గోడౌన్‌లో స్టాక్ లెక్క తేలలేదని ఆడిట్ వాళ్లు రాసి వెళ్తారు. రెండు రోజులకు మేనేజర్ "ఒకసారి ఆఫీసుకి రా, మాట్లాడుకుందాం" అంటాడు. ఆ తర్వాతి ఫోన్ పోలీస్ స్టేషన్ నుంచి. నగల షాపు సేల్స్‌మన్, మందుల డిపో స్టోర్ కీపర్, సెల్‌ఫోన్ల గోడౌన్ ఇన్‌ఛార్జి, డెలివరీ హబ్ సూపర్‌వైజర్ అని తేడా లేదు, ఈ కేసులు దాదాపు ఇదే వరసలో నడుస్తాయి. ఆ టెన్షన్‌లో ఉన్న ఉద్యోగి, అతని ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. మీ కేసు కాగితాలు చూసి సలహా చెప్పాల్సింది మాత్రం మీ లాయరే.

ముందస్తు బెయిల్ అంటే అసలు ఏమిటి?

ఈ వ్యక్తిని ఫలానా కేసులో అరెస్టు చేస్తే వెంటనే బెయిల్ మీద వదిలేయాలని కోర్టు ముందుగానే ఇచ్చే ఆదేశం. సెషన్స్ కోర్టు లేదా హైకోర్టు మాత్రమే ఇవ్వగలదు, మేజిస్ట్రేట్‌కు ఆ అధికారం లేదు. చాలామంది దీన్ని కేసు మీద స్టే అనుకుంటారు. కాదు. దర్యాప్తు సాగుతుంది, ఛార్జిషీటు పడుతుంది, విచారణ జరుగుతుంది. పోలీసులు అరెస్టు చూపించి, పూచీకత్తు తీసుకుని వదిలేస్తారు. జైలుకు వెళ్లే అవసరం తప్పుతుంది, అంతే.

పలుకుబడి ఉన్నవాళ్లు ఎదుటివాళ్లను తప్పుడు కేసుల్లో ఇరికించి, పరువు తీయడానికి కొన్నాళ్లు జైల్లో పెట్టిస్తున్నారని లా కమిషన్ 1969లో ఇచ్చిన 41వ నివేదికలో రాసింది. ఆ సిఫార్సుతోనే 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 438 వచ్చింది. ఇప్పుడు దాని స్థానంలో ఉన్నది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్, సెక్షన్ 482. ఇక్కడ ఒక తికమక ఉంది. పాత కోడ్‌లో 482 అంటే హైకోర్టులో కేసు కొట్టేయమని అడిగే సెక్షన్, ఇప్పుడది 528 అయింది. పాత తీర్పులు నెట్‌లో చదివేటప్పుడు 482 కనిపిస్తే ఏ చట్టంలోదో చూసుకోండి.

సరుకు తగ్గితే చాలు, క్రిమినల్ కేసు అయిపోతుందా?

కాకూడదు. నేరపూరిత నమ్మకద్రోహం నిలబడాలంటే రెండు విషయాలు ఉండాలి. ఆ సరుకును మీకు అప్పగించి ఉండాలి. దాన్ని మీరు దురుద్దేశంతో సొంతానికి వాడుకునో, అమ్ముకునో ఉండాలి. ఒకటి లేకపోయినా ఆ నేరం కాదు.

అసలు గొడవంతా మొదటి విషయం దగ్గరే ఉంటుంది. గోడౌన్ తాళాలు ముగ్గురి దగ్గర ఉన్నాయనుకుందాం. సరుకు దించుకునేది ఒకరు, కంప్యూటర్‌లో ఎక్కించేది ఇంకొకరు, గేట్ పాస్ మీద సంతకం పెట్టేది మరొకరు. ఏడాది తర్వాత లెక్క చూస్తే 40 కార్టన్లు తక్కువ వచ్చాయి. ఫిర్యాదులో మాత్రం ఒక్క పేరే ఉంటుంది, అదీ అప్పటికే ఉద్యోగం మానేసినవాడిది. ఆ 40 కార్టన్లు అతనికే అప్పగించారని చూపే కాగితం కంపెనీ దగ్గర ఉందా? స్టాక్ రిజిస్టర్‌లో అతని సంతకం ఉందా? బాధ్యతలు తీసుకున్నప్పుడు స్టాక్ లెక్కపెట్టి ఇచ్చారా? ముందస్తు బెయిల్ వాదన ఈ ప్రశ్నలతోనే మొదలు కావాలి. "మావాడు అమాయకుడు, ముసలి తల్లిదండ్రులున్నారు" అన్న పేరాలు పిటిషన్‌లో తర్వాతైనా రావచ్చు.

లెక్కల్లో తప్పులు, పాడైన సరుకు, ఎలుకలు కొట్టినవి, డీలర్ వెనక్కి పంపినవి, స్కీమ్ కింద ఉచితంగా ఇచ్చి బిల్లులో చూపనివి, ఇవన్నీ షార్టేజీగానే కనిపిస్తాయి. నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే కంపెనీ సివిల్ దావా వేసుకోవచ్చు, శాఖాపరమైన చర్య తీసుకోవచ్చు. నిర్లక్ష్యం ఒక్కటే నమ్మకద్రోహం కాదు.

ఏ సెక్షన్లు పెడతారు? శిక్ష ఎంత?

నేరం జరిగిందని చెప్పే తేదీ 2024 జూలై 1కి ముందైతే ఐపీసీ, అంటే పాత భారత శిక్షాస్మృతి, ఆ రోజు నుంచి అయితే భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్. ఉద్యోగి నమ్మకద్రోహానికి ఐపీసీలో 408, బీఎన్‌ఎస్‌లో 316(4). రెండింటిలోనూ గరిష్ఠంగా 7 ఏళ్లు. యజమాని వస్తువును ఉద్యోగి దొంగిలించాడంటే పాత 381, కొత్త 306, అదీ 7 ఏళ్లే. మామూలు నమ్మకద్రోహం 406కి 3 ఏళ్లు ఉండేది, కొత్త 316(2)లో 5 ఏళ్లకు పెంచారు. ఇవన్నీ నాన్‌బెయిలబుల్, వారెంట్ లేకుండా అరెస్టు చేయగలిగినవే.

వీటికి తోడు మోసం సెక్షన్‌ను, అంటే పాత 420, కొత్త 318(4)ను, అలవాటుగా జోడిస్తుంటారు. నమ్మి అప్పగించాక కాజేయడం ఒక నేరం, మొదటి నుంచే మోసపు ఉద్దేశంతో రాబట్టుకోవడం ఇంకొకటి. ఒకే సంగతికి రెండూ కలిసి నిలబడవని 2024 ఆగస్టులో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. ఎఫ్‌ఐఆర్‌లో రెండూ ఉంటే పిటిషన్‌లో ఈ మాట తప్పక రాయించండి.

దొంగ బిల్లులు, మార్చిన ఇన్‌వాయిస్‌లు ఉన్నాయంటే ఫోర్జరీ సెక్షన్లు కూడా చేరతాయి. అప్పుడు కేసు బరువు మారుతుంది.

నేను ప్రభుత్వ రంగ సంస్థలో చేస్తున్నాను. నాకూ ఇదేనా?

కాదు. పబ్లిక్ సర్వెంట్ అయితే 316(5), పాతది 409. శిక్ష పదేళ్లు లేదా యావజ్జీవం. ప్రభుత్వ గోడౌన్లలో బియ్యం, ధాన్యం లెక్క తగ్గిన కేసుల్లో కనిపించేది ఇదే. అవినీతి నిరోధక చట్టం కూడా తోడవవచ్చు. బెయిల్ వాదనలో చాలా భాగం ఒకటే అయినా, కింద చెప్పే "ఏడేళ్ల లోపు" రక్షణ వీళ్లకు వర్తించదు.

ప్రైవేటు కంపెనీ ఉద్యోగి మీద కూడా "ఏజెంట్" అంటూ ఈ సెక్షన్ వేసిన ఎఫ్‌ఐఆర్‌లు కనిపిస్తాయి. మీ నియామక పత్రం చూపించి, మీరు జీతానికి పనిచేసే ఉద్యోగి మాత్రమేనని వాదించాలి.

డ్రైవర్లు, డెలివరీ బాయ్‌ల సంగతి?

సరుకు రవాణాకు తీసుకున్నవారికి, గోడౌన్ కీపర్లకు 316(3) ఉంది, దానికీ 7 ఏళ్లే. కాంట్రాక్టు ఏజెన్సీ ద్వారా వచ్చినవారు అసలు ఎవరి ఉద్యోగి అన్న ప్రశ్న ఉంటుంది గానీ, బెయిల్ దశలో అది పెద్దగా తేడా తేదు.

ఇంకా ఎఫ్‌ఐఆర్ కాలేదు. ఇప్పుడే పిటిషన్ వేయవచ్చా?

వేయవచ్చు. 1980లో గురుబక్ష్ సింగ్ సిబ్బియా కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చిన విషయం ఇది. ఎఫ్‌ఐఆర్ ఉండాలన్న నియమం లేదు, అరెస్టు చేస్తారని నమ్మడానికి తగిన కారణం ఉంటే చాలు. అయితే "ఎప్పుడైనా ఏదో ఒక కేసు పెడతారేమో" అన్న ఊహ మీద, అన్ని కేసులకూ కలిపి రక్షణ ఇవ్వరు. కంపెనీ పంపిన లీగల్ నోటీసు, హెచ్‌ఆర్ ఈమెయిల్, స్టేషన్ నుంచి వచ్చిన కాల్స్, "పోలీస్ కంప్లైంట్ ఇస్తున్నాం" అన్న వాట్సాప్ మెసేజ్, ఇలాంటి ఆధారం చూపాలి.

ఎఫ్‌ఐఆర్ అయిందో లేదో ఊహించుకుంటూ కూర్చోవద్దు. కొన్ని సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే ఆదేశించింది. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు వెబ్‌సైట్లలో వెతకవచ్చు, లేదా లాయర్ ద్వారా కోర్టులో నకలు తీయించవచ్చు.

పోలీసులు వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టకుండా ప్రాథమిక విచారణ అని పిలవవచ్చు. వాణిజ్య లావాదేవీల ఫిర్యాదుల్లో అలా చేయవచ్చని లలితా కుమారి తీర్పు (2013) చెప్పింది. బీఎన్‌ఎస్‌ఎస్ 173(3) కూడా 3 ఏళ్ల నుంచి 7 ఏళ్లకు తక్కువ శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలిచ్చింది. ఆ దశలోనే మీ వైపు కాగితాలు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవడం తెలివైన పని.

ఏడేళ్ల లోపు శిక్షే కదా, అరెస్టు చేయరంటున్నారు. మరి ముందస్తు బెయిల్ ఎందుకు?

2014లో అర్నేష్ కుమార్ తీర్పు తర్వాత, 7 ఏళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు యాంత్రికంగా చేయకూడదు. అరెస్టు ఎందుకు అవసరమో దర్యాప్తు అధికారి కాగితం మీద రాయాలి. అవసరం లేకపోతే హాజరు కావాలని నోటీసు ఇవ్వాలి. దాన్నే ఇంతకు ముందు 41ఏ నోటీసు అనేవారు, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు. దాని ప్రకారం వెళ్తున్నంత కాలం, కారణాలు రాసుకుంటే తప్ప అరెస్టు చేయకూడదు. వెళ్లకపోతే మాత్రం చేతులారా అరెస్టు తెచ్చుకున్నట్టే. వాట్సాప్‌లో పంపిన నోటీసు చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అలా అని వాట్సాప్‌లో వస్తే మౌనంగా ఉండకండి. "నోటీసు పద్ధతి ప్రకారం ఇవ్వండి, ఫలానా రోజు హాజరవుతాను" అని లాయర్ చేత జవాబు పంపించండి.

చట్టం ఇలా ఉన్నా, సరుకు కేసుల్లో పోలీసులకు ఒక కారణం సిద్ధంగా ఉంటుంది: రికవరీ. "సరుకు ఎక్కడ దాచాడో తెలుసుకోవాలి" అని రాసి అరెస్టు చేస్తారు. అందుకే ముందస్తు బెయిల్ అవసరం పడుతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుల్లో ఇలాంటి పిటిషన్లను చాలాసార్లు "పోలీసులు 35(3) ప్రకారం నడుచుకోవాలి" అన్న ఆదేశంతో ముగిస్తారు. ఇంట్లోవాళ్లు బెయిల్ వచ్చిందని సంబరపడతారు. అది ముందస్తు బెయిల్ కాదు. నోటీసు ఇచ్చి పిలవమని చెప్పడం మాత్రమే. ఉత్తర్వు చివరి పేరా లాయర్ దగ్గర కూర్చుని చదివించుకోండి.

కోర్టు ఏం చూసి నిర్ణయిస్తుంది?

పాత 438లో నేర తీవ్రత, నిందితుడి పూర్వ చరిత్ర, పారిపోయే అవకాశం, పరువు తీయడానికే పెట్టిన కేసా అన్న అంశాలు సెక్షన్‌లోనే రాసి ఉండేవి. కొత్త 482లో ఆ జాబితా తీసేశారు. కానీ కోర్టులు ఇప్పటికీ చూసేవి అవే.

సరుకు కేసుల్లో వీటికంటే ముందు తేలాల్సినవి కొన్ని ఉంటాయి. ఫిర్యాదులో చెప్పిన విలువ ఎక్కడి నుంచి వచ్చింది? అంతర్గత ఆడిట్ ఎవరు చేశారు, మీ సమక్షంలో లెక్కపెట్టారా? ఫిర్యాదు ఎప్పుడు ఇచ్చారు? తేడా మార్చిలో తెలిసి, మీరు రాజీనామా చేసి బాకీ జీతం అడిగిన నెల తర్వాత సెప్టెంబరులో కేసు పెట్టారంటే జడ్జి గమనిస్తారు. పాత్ర ఏమిటి? ఎఫ్‌ఐఆర్‌లో అయిదుగురి పేర్లు రాసి, మీ గురించి "ఇతను కూడా కలిశాడు" అన్న ఒక్క వాక్యమే ఉంటే అది మీకు బలం. సాక్ష్యం ఏ రూపంలో ఉంది? రిజిస్టర్లు, సీసీ కెమెరా ఫుటేజీ, కంప్యూటర్ లాగిన్ వివరాలు అన్నీ కంపెనీ చేతిలోనే ఉన్నప్పుడు మీరు వాటిని చెరిపేస్తారన్న భయానికి అర్థం లేదు. ఈ చివరి వాదన చాలా కేసుల్లో పనికొస్తుంది, కానీ పిటిషన్లలో చాలా తక్కువగా కనిపిస్తుంది.

ఎదురు తిరిగేవీ ఉన్నాయి. మీ ఖాతాలోకి బయటి డీలర్ నుంచి వివరణ లేని డబ్బు వచ్చి ఉంటే, సరుకు కొన్నవాడు మీ పేరు చెబితే, ఫుటేజీలో రాత్రిపూట లోడింగ్ కనిపిస్తే, ముందస్తు బెయిల్ కష్టమే. ఆ నిజాలు లాయర్ దగ్గర దాచకండి. పీపీ, అంటే ప్రభుత్వం తరఫు లాయర్, చదివి వినిపించినప్పుడు మీ లాయర్ తొలిసారి వింటే పిటిషన్ అక్కడే పోయినట్టు.

"రికవరీకి కస్టడీ కావాలి" అని పీపీ అంటే ఏం చెప్పాలి?

ఈ కేసుల్లో ప్రాసిక్యూషన్ ముఖ్య ఆయుధం ఇదే, కాబట్టి మీ సిద్ధపాటు కూడా ఎక్కువ దీని మీదే ఉండాలి.

మొదటి జవాబు సిబ్బియా తీర్పులోనే ఉంది. నిందితుడు బెయిల్ మీద ఉన్నా, అతను చెప్పిన సమాచారంతో వస్తువు దొరికితే ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 27 ప్రయోజనం, అంటే ఆ సమాచారాన్ని సాక్ష్యంగా వాడుకునే అవకాశం, ప్రాసిక్యూషన్‌కు దక్కే వీలుందని ధర్మాసనం అప్పుడే చెప్పింది. ఆ నిబంధన ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 23లో ఉంది. అంటే రికవరీ కోసం లాకప్ తప్పనిసరి కాదు. దర్యాప్తుకు పిలిచినప్పుడల్లా వస్తాను అన్న షరతు చాలు.

రెండోది, ఏం రికవరీ చేయాలో అడగండి. రెండేళ్ల కిందట తగ్గిందంటున్న సిమెంటు బస్తాలు, గడువు తీరే మందులు, కూరగాయలు ఇప్పుడు ఎవరింట్లో దొరుకుతాయి? అదే బంగారు నగలైతే ఈ వాదన చెల్లదు. కుదువ పెట్టిన చోటు, కరిగించిన చోటు కనుక్కోవాలని పోలీసులు అంటే కోర్టు వింటుంది. తాకట్టు రసీదులు మీ పేరు మీద లేవని ముందే చూపగలిగితే మేలు.

మూడోది, ఇప్పటికే సోదా చేసి, ఫోన్ స్వాధీనం చేసుకుని, బ్యాంకు ఖాతా ఫ్రీజ్ చేసి ఉంటే ఇక కస్టడీలో తెలుసుకునేది ఏమిటో ప్రాసిక్యూషనే చెప్పాలి.

కంపెనీ అడిగిన డబ్బు కట్టేస్తే బెయిల్ వస్తుందా?

"సగం డిపాజిట్ చేస్తాం" అని కోర్టులో తామే ముందుకు రావడం చాలాకాలంగా నడుస్తున్న అలవాటు. సుప్రీంకోర్టు దీన్ని ఇష్టపడటం లేదు. బెయిల్ ఇచ్చే కోర్టు ఫిర్యాదుదారు బాకీలు వసూలు చేసే ఏజెంటు కాదని 2021లో దిలీప్ సింగ్ కేసులో అంది. 2023లో రమేశ్ కుమార్ కేసులో డబ్బు డిపాజిట్ షరతుతో ముందస్తు బెయిల్ ఇచ్చే ధోరణిని తప్పుపట్టింది. డబ్బు కడతామన్న హామీ చూసి బెయిల్ ఇవ్వవద్దని, కేసు బలాబలాలు చూసి తేల్చాలని 2025 జూలైలో మరోసారి చెప్పింది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సరుకు మీరు తీయలేదంటే డబ్బు కట్టకండి. ఇల్లు తాకట్టు పెట్టి కట్టిన డబ్బు రేపు విచారణలో "తప్పు ఒప్పుకున్నాడు కాబట్టే కట్టాడు" అన్న వాదనగా తిరిగొస్తుంది. నిజంగా కొంత వాడుకుని ఉండి, తిరిగి ఇచ్చి రాజీ చేసుకోవాలనుకుంటే అది వేరే దారి. దాన్ని రాతపూర్వకంగా, లాయర్ల ద్వారా, రాజీ పత్రంలో భాగంగా చేయాలి. సెక్యూరిటీ ఆఫీసర్ చేతికి నగదు ఇచ్చి మాత్రం కాదు.

ఆఫీసులో కూర్చోబెట్టి "నేనే తీశాను" అని రాయించుకున్నారు, ఖాళీ చెక్కులూ తీసుకున్నారు. ఇప్పుడెలా?

ఇది చాలా మందికి జరుగుతుంది, చాలా మంది ఎవరికీ చెప్పకుండా ఉండిపోతారు. మొదట చేయాల్సింది ఆ మౌనం వదలడం. ఎంతసేపు ఉంచారు, ఎవరెవరు ఉన్నారు, ఫోన్ లాక్కున్నారా, ఏం బెదిరించారు అన్నీ తేదీ, సమయాలతో రాసి ఆ రోజో మర్నాడో కంపెనీకి ఈమెయిల్‌గా, పోలీసు ఉన్నతాధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆర్నెల్ల తర్వాత చెబితే కల్పించారంటారు.

పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. కంపెనీవాళ్ల ముందు రాసిచ్చింది అలా కాదు, అది కోర్టు ముందుకు రావచ్చు. అయితే బెదిరించో ఆశ చూపో రాయించుకున్నది చెల్లదని వాదించే వీలుంది, స్వచ్ఛందంగా రాసినా బలహీనమైన సాక్ష్యమే. బెయిల్ దశలో "ఒకే చేతిరాత, ఒకే వాక్యాలతో నలుగురు ఉద్యోగుల చేత రాయించారు" అన్నంత చిన్న విషయం కూడా పనికొస్తుంది.

చెక్కుల విషయంలో అజాగ్రత్త వద్దు. ఖాళీగా ఇచ్చినా సంతకం మీదే అయితే చెక్కు బాకీ కోసమే ఇచ్చారన్న ఊహ చట్టంలో ఉంది, దాన్ని తప్పని చూపే భారం మీది. సుప్రీంకోర్టు 2019లో ఈ మాట స్పష్టంగా చెప్పింది. ఏ పరిస్థితిలో ఇచ్చారో వివరిస్తూ కంపెనీకి నోటీసు ఇవ్వండి. చెక్కు బౌన్స్ అయ్యాక డిమాండ్ నోటీసు వస్తే 15 రోజుల్లో జవాబు వెళ్లాలి.

ముందు సెషన్స్ కోర్టా, నేరుగా హైకోర్టా?

రెండింటికీ అధికారం ఉంది. అయినా ముందు సెషన్స్‌లో వేయడమే ఆచారం. అక్కడ కొట్టేస్తే హైకోర్టుకు వెళ్లే అవకాశం మిగిలే ఉంటుంది. నేరుగా హైకోర్టుకు వెళ్తే ఎందుకు వచ్చారని అడుగుతారు, గట్టి కారణం చెప్పాలి. స్టేషన్ ఏ జిల్లా పరిధిలో ఉందో చూసుకోండి. ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా గోడౌన్ మేడ్చల్ వైపో శంషాబాద్ వైపో ఉంటే కోర్టు మారిపోతుంది. పీపీకి నోటీసు వెళ్లాలి, ఆయన పోలీసుల నుంచి సీడీ ఫైలు, అంటే కేసు డైరీ, తెప్పించుకోవాలి. వాయిదా పడటం మామూలే.

లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోన్ 15100.

కేసు బెంగళూరులో పెట్టారు, నేను గుంటూరు వచ్చేశాను. ఎక్కడ వేయాలి?

అసలు ముందస్తు బెయిల్ కర్ణాటక కోర్టులోనే తీసుకోవాలి. అక్కడికి వెళ్లే లోపు అరెస్టు కాకుండా కొద్ది రోజుల రక్షణ మాత్రం మీరున్న చోటి కోర్టు ఇవ్వగలదు. దీన్నే ట్రాన్సిట్ బెయిల్ అంటారు. 2023 నవంబరులో ప్రియా ఇందోరియా కేసులో సుప్రీంకోర్టు దీనికి షరతులు పెట్టింది. ఎఫ్‌ఐఆర్ ఉన్న రాష్ట్ర దర్యాప్తు అధికారికి, పీపీకి నోటీసు ఇవ్వాలి. వెంటనే అక్కడికి వెళ్లలేని కారణం చూపాలి. ఈ కోర్టు పరిధితో మీకు నిజమైన సంబంధం, అంటే ఇల్లో ఉద్యోగమో, ఉండాలి. బెంగళూరు, చెన్నై, పుణె గోడౌన్లలో పనిచేసి ఊరికి వచ్చేసిన మనవాళ్లకు ఇది పెద్ద ఊరట. కానీ ఇచ్చిన గడువు లోపల అక్కడ పిటిషన్ వేయకపోతే రక్షణ దానంతటదే పోతుంది.

పిటిషన్ వేశాం. తీర్పు వచ్చే వరకు అరెస్టు చేయరు కదా?

చేయవచ్చు. పిటిషన్ పెండింగ్‌లో ఉండటం రక్షణ కాదని 2024లో శ్రీకాంత్ ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యంతర రక్షణ విడిగా అడగాలి. ఆ కొద్ది రోజులూ ఫోన్ స్విచాఫ్ చేసి తిరిగితే పరారీలో ఉన్నాడని రాస్తారు. పరారీలో ఉన్నట్టు ప్రకటించాక ముందస్తు బెయిల్ దొరకడం చాలా అరుదు. దర్యాప్తు అధికారికి మీ చిరునామా, లాయర్ నంబరు రాతపూర్వకంగా ఇచ్చి ఉంచండి.

ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

నియామక పత్రం, పని బాధ్యతల పత్రం, బదిలీ ఉత్తర్వులు, స్టాక్ అప్పగించినప్పటి లిస్టు, డెలివరీ చలాన్లు, మీరు పంపిన షార్టేజీ మెయిల్స్, సెలవు రికార్డు, జీతం పడిన ఖాతా స్టేట్‌మెంట్, రాజీనామా, కంపెనీకి రాసిన ఫిర్యాదులు. వీటిలో షార్టేజీ గురించి మీరే ముందుగా పైవాళ్లకు చెప్పిన మెయిల్ ఒక్కటి దొరికినా చాలా విలువైనది. దొంగ తన దొంగతనాన్ని మేనేజర్‌కు రిపోర్టు చేయడు కదా.

మీ ఫోన్లో, కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఏదీ డిలీట్ చేయకండి. కేసు తెలిశాక కంపెనీ సిస్టమ్‌లోకి లాగిన్ అయి ఫైళ్లు దించుకోవడం ఇంకో కేసుకు దారి.

బెయిల్ వస్తే ఏ షరతులు ఉంటాయి? ఎన్నాళ్లు పనిచేస్తుంది?

పిలిచినప్పుడు దర్యాప్తుకు రావాలి, సాక్షులను బెదిరించకూడదు, అనుమతి లేకుండా దేశం దాటకూడదు. ఇవి చట్టంలోనే ఉన్నాయి. ఇద్దరు జామీనుదారులు, వారానికి ఒకటి రెండు రోజులు స్టేషన్‌లో సంతకం, పాస్‌పోర్టు అప్పగింత లాంటివి కోర్టు కలుపుతుంది. గల్ఫ్ వీసా చేతిలో ఉన్నవారు ఆ సంగతి ముందే లాయర్‌కు చెప్పాలి. తర్వాత షరతు సడలించమని మళ్లీ పిటిషన్ వేయడం ఖర్చు.

కాలం విషయంలో 2020 జనవరిలో సుశీలా అగర్వాల్ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం స్పష్టం చేసింది. మామూలుగా గడువు ఉండదు, విచారణ ముగిసే వరకు కొనసాగుతుంది. ప్రత్యేక కారణం ఉంటే కోర్టు గడువు పెట్టవచ్చు.

షరతుల్లో ఆచరణలో దెబ్బతినేది స్టేషన్ సంతకం దగ్గర. ఆదివారం ఎస్సై లేడని తిరిగొచ్చేస్తారు, రుజువు ఉండదు. రిజిస్టర్‌లో సంతకం పెట్టిన పేజీ ఫోటో తీసుకోనివ్వకపోతే, ఆ రోజే లాయర్ ద్వారా మెయిల్ పెట్టండి.

తిరస్కరిస్తే?

సెషన్స్‌లో పోతే హైకోర్టు, అక్కడా పోతే సుప్రీంకోర్టు. లేదా లొంగిపోయి మామూలు బెయిల్ అడగడం. అరెస్టు చేస్తే కారణాలు మీకు చెప్పాలి, మీ వాళ్లకు తెలపాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. కారణాలు చెప్పని అరెస్టు చెల్లదని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అంది. 7 ఏళ్ల శిక్ష కేసుల్లో 60 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది, 316(5) అయితే 90 రోజులు.

కంపెనీ ల్యాప్‌టాప్ తిరిగి ఇవ్వలేదని కేసు పెడతామంటున్నారు.

తిరిగి ఇచ్చేయండి, రసీదు తీసుకోండి. బాకీ జీతం కోసం దాన్ని పట్టుకుని కూర్చోవడం మీ కేసును పాడుచేస్తుంది. కంపెనీల చట్టం సెక్షన్ 452 కింద కూడా వాళ్లు కోర్టుకు వెళ్లగలరు.

కేసు ఉందని పీఎఫ్, గ్రాట్యుటీ ఆపవచ్చా?

పీఎఫ్ మీది, నష్టానికి జమ కట్టుకునే వీల్లేదు. గ్రాట్యుటీ వేరు. నష్టం కలిగించినందుకు ఉద్యోగం నుంచి తీసేస్తే ఆ నష్టం మేరకు ఆపవచ్చు. నైతిక పతనం కిందికి వచ్చే దుష్ప్రవర్తనకు తొలగిస్తే, క్రిమినల్ కోర్టులో శిక్ష పడకపోయినా గ్రాట్యుటీ పోగొట్టుకోవచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి బెయిల్ రాగానే కంపెనీ శాఖాపరమైన విచారణను వదిలేయకండి, అక్కడా జవాబు ఇవ్వండి.

రాజీ పడితే కేసు పోతుందా?

316(4), 306, 318(4) కేసుల్లో కోర్టు అనుమతితో రాజీ కుదురుతుంది. 316(5)లో కుదరదు. విచారణ దాకా ఆగకుండా ఇద్దరూ కలిసి హైకోర్టులో 528 కింద కేసు కొట్టేయమని అడగవచ్చు. రాజీ పత్రంలో చెక్కులు, సంతకం చేసిన ఖాళీ కాగితాలు తిరిగి ఇచ్చినట్టు, రిలీవింగ్ లెటర్ ఇస్తున్నట్టు విడివిడిగా రాయించండి. స్టేషన్‌లో మౌఖికంగా "సెటిల్ అయింది" అన్నారని ఇంటికి వెళ్లిపోతే ఎఫ్‌ఐఆర్ అలాగే ఉంటుంది. రెండేళ్ల తర్వాత పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లోనో కొత్త ఉద్యోగం చెకింగ్‌లోనో బయటపడుతుంది.

బెయిల్ వచ్చాక కంపెనీ దాన్ని రద్దు చేయించగలదా?

అడగవచ్చు. షరతు తప్పారనో, సాక్షులైన పాత సహోద్యోగులకు ఫోన్లు చేస్తున్నారనో చూపితే రద్దు అవుతుంది. ఛార్జిషీటు వేసినంత మాత్రాన కాదు. కొత్తగా పెద్ద సెక్షన్లు కలిపితే మళ్లీ కోర్టుకు వెళ్లాల్సి రావచ్చు. అందుకని దర్యాప్తు ముగిసే వరకు పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపుల నుంచి బయటకు రండి. గోడౌన్ స్నేహితులతో కేసు గురించి మాట్లాడకండి. ఏదైనా చెప్పాలంటే లాయర్ ద్వారా రాతలో చెప్పండి.